కరిచిన కుక్క

సేత్తూరులో మా ఇంట్లో మాట తెలుగు. వాకిలి దాటితే తమిళం. ఇంగ్లీషు ఉండేది నోట్‌బుక్కులోనే. మొన్న ఆదివారం మేనకోడలు రాజపాళయం కుక్క మీద వ్యాసం రాస్తోంది. తెల్లటి ఒళ్లు, గులాబి ముక్కు, 2005లో తపాలా బిళ్ల మీదికెక్కిన ఘనత అన్నీ వచ్చాయి. చివర్లో మా ఇంటి ముచ్చట: ‘ద డాగ్ బైటింగ్ ద పోస్ట్‌మ్యాన్ ఈజ్ వెరీ ఓల్డ్.’

“ఇంకా కరుస్తూనే ఉందా?” అన్నాను.

“లేదు మామా, పోయినేడు కరిచింది. ‘దట్’ తీసేసి ‘ఇంగ్’ పెడితే పొట్టిగా బాగుంటుందని...”

పొట్టిగా చెప్పడం మనకు పుట్టుకతో వచ్చిందే. కరిచిన కుక్క, కరుస్తున్న కుక్క, కరిచే కుక్క, కరవని కుక్క. ఒక్క మాటలో పనీ, కాలమూ, కాదనడమూ ఇమిడిపోతాయి. తమిళంలోనూ అంతే, కడిచ్చ నాయి. ఇంగ్లీషు ‘బైటింగ్’కు సొంత కాలం లేదు, వాక్యంలోని పెద్ద క్రియ దగ్గర అరువు తెచ్చుకుంటుంది. అక్కడ ‘ఈజ్’ ఉంది కాబట్టి పాపం పోస్ట్‌మ్యాన్ ఇంకా కాటు తింటూనే ఉన్నాడు.

నా చిన్నప్పటి తప్పు ఇంకో రకం. ‘ద మ్యాన్ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్’ అని రాసేవాణ్ణి. నిన్న వచ్చిన మనిషికి ఇంగ్లీషు చొక్కా తొడిగానన్నమాట. నేను తిన్న మామిడిపండైతే ‘ద మ్యాంగో ఐ ఏట్’ చాలు. పని చేసినవాడి పక్కన ‘హూ’ మాత్రం కదలదు.

దొరలకూ ఈ తంటా ఉంది. కొట్టం పక్కగా పరుగెత్తించిన గుర్రం పడిపోయిందన్న వాక్యాన్ని ‘ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్’ అని పొట్టి చేసి, చదివేవాళ్లు ఎలా తడబడతారో 1970లో థామస్ బెవర్ అనే భాషా పరిశోధకుడు చూపించాడు. ‘రేస్డ్’ అంటే పరుగెత్తిందో, పరుగెత్తించారో చివరి మాట దాకా తేలదు. మనకు ‘పరుగెత్తిన’ వేరు, ‘పరుగెత్తింది’ వేరు. అలాగని మరీ మురిసిపోనక్కర్లేదు. ‘పిలిచిన మనిషి వచ్చాడు’ అంటే పిలిచింది అతనా, మనమా? ‘హూ’, ‘హూమ్’ తేల్చేసే సంగతిని మనం ఎదుటివాడి ఊహకు వదిలేస్తాం.

మేనకోడలు ‘దట్ బిట్’ అని దిద్దింది. వ్యాసంలో కుక్కను కట్టేసే మామిడిచెట్టు గురించి ‘స్టాండింగ్’ అని రాసి ఉంది.

“దీన్నీ మార్చాలా మామా?”

వద్దన్నాను. చెట్టు ఇంకా నిలబడే ఉంది.