కడిగితే పోయే నలుపు

మా నాయన చెప్పులు కుట్టేవాడు. మంగళగిరిలో గాలిగోపురం కనపడే రోడ్డు పక్కన, గోనెపట్టా మీద, చిల్లులు పడ్డ గొడుగు కింద కూర్చునేవాడు. దేవుడి దగ్గరికి పోయేవాళ్ళు చెప్పులు విప్పి లోపలికి పోతారు. ఆ విప్పిన చెప్పులే మాకు అన్నం పెట్టాయి. పానకాలస్వామి పానకం తాగుతాడని లోకమంతా చెప్పుకుంటది. ఆయన కొండ కింద తెగిన ఉంగటాలు కుట్టి ఒక ఇల్లు బతికిందనీ, ఆ ఇంట్లోంచి ఒక ఆడపిల్ల డిగ్రీ చదివి, బీఈడీ చేసి, డీఎస్సీ రాసి టీచరయ్యిందనీ ఎవరూ చెప్పుకోరు. అందుకని నేనే చెప్పుకుంటున్నాను.

నేను చెప్పదల్చుకుంది సినిమాల గురించి. సినిమాల గురించి రాయడానికి నీకేం అర్హత అంటారేమో. టికెట్టు కొని చూశాం, ఈల వేశాం, ఏడ్చాం. తెర మీద మమ్మల్ని వేసి చూపించినందుకు వాళ్ళు బహుమతులు తీసుకున్నారు. ఇంతకంటే అర్హత ఏం కావాలి?

1987లో కె.విశ్వనాథ్ 'స్వయంకృషి' వచ్చింది. అందులో చిరంజీవి చెప్పులు కుట్టే సాంబయ్య. ఆ వేషానికి ఆయనకి ఉత్తమ నటుడిగా నంది వచ్చింది. నేనప్పటికి పుట్టలేదు. నాయన పని మానుకుని మరీ విజయవాడ పోయి చూశాడంట. నాకు ఊహ తెలిశాక ఒకసారి టీవీలో వేశారు. మా పల్లెలో టీవీ ఉన్న ఇంటి ముందు జనం కిక్కిరిసి కూర్చున్నారు. నాయన నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూస్తూ చూస్తూ, "బాగానే చేశాడమ్మా, కానీ ఆ చేతులు చూడు. ఆరె ఒక్కసారన్నా దిగిన చేతులా అవి?" అన్నాడు. తన ఎడమచేతి బొటనవేలు చూపించాడు. ఆరె దిగి దిగి అది తోలుముక్కలాగే అయిపోయింది. కాసేపాగి, "పోన్లే, మనోణ్ణి హీరోని చేశారు, అదే చాలు" అన్నాడు.

ఆ రెండు మాటల మధ్యనే నేను పెరిగాను. ఒకదాంట్లో అనుమానం ఉంది, రెండోదాంట్లో కృతజ్ఞత ఉంది. ఇన్నేళ్ళూ మనం రెండోదాన్నే పైకి అన్నాం. మొదటిదాన్ని మింగేశాం.

సినిమాలో సాంబయ్య కష్టపడి పైకొస్తాడు. పేరులోనే ఉంది కదా, స్వయంకృషి. పనికి గౌరవం ఇచ్చిన సినిమా అని మెచ్చుకున్నారు. నిజమే, నేనూ కాదనను. నేను బళ్ళో ఉన్నప్పుడు నన్ను "చెప్పులోడి కూతురు" అన్న పిల్లలే, టీవీలో సినిమా వేసిన మర్నాడు "చిరంజీవి కూతురు" అన్నారు. ఆ ఒక్కరోజు నాకు ఎంత బాగుందో! కానీ ఇప్పుడు నాకొక ప్రశ్న ఉంది. స్వయంకృషి లేని మాదిగ ఇల్లు ఎక్కడైనా ఉందా? మా తాత తెల్లారుజామున లేచి లందలో తంగేడు చెక్క వేసి తోళ్ళు ఊనేవాడు. నాయన పొద్దుగూకేదాకా వంగిన నడుం ఎత్తేవాడు కాదు. కృషి మా దగ్గర కుప్పలుగా ఉంది. తోలు మేము ఊనితే, చెప్పు మేము కుడితే, చెప్పుల షాపు ఇంకొకడి పేరున ఎందుకుంది అన్నది అసలు సంగతి. దానికి కులం అని పేరు. ఆ పేరు పక్కనపెట్టి కృషి అని పాఠం చెబితే, పైకి రాలేనివాడంతా సోమరి అయిపోతాడు. సాంబయ్యని చూసి చప్పట్లు కొట్టినవాడే మా నాయనతో, "నువ్వూ కష్టపడితే షాపు పెట్టేవాడివి కదరా" అన్నాడు. నా చెవులతో విన్నాను.

ఆయనదే ఇంకో సినిమా 'సప్తపది', 1981. బ్రాహ్మణ పూజారి మనవరాలు హరిజన కుర్రాణ్ణి ప్రేమిస్తుంది. ఆమెకి మేనరికం పెళ్ళి చేస్తారు. కట్టుకున్నవాడికి ఆమెలో భార్య కాక అమ్మవారు కనపడతది. చివరికి ఆ తాతే మనసు మార్చుకుని మనవరాలిని ప్రేమించినవాడితో పంపిస్తాడు. జాతీయ సమైక్యతకి ఇచ్చే నర్గీస్ దత్ అవార్డు దీనికి వచ్చింది. తాతగా జె.వి.సోమయాజులు. ఆయన గొప్పగా చెయ్యలేదని నేననను. గొప్పగా చేశాడు గనకనే ఇబ్బంది.

నేను డిగ్రీలో ఉండగా ఈ సినిమా చూశాను. చూసినంతసేపూ ఆ తాత కోసమే ఏడ్చాను. ఆయన నలిగిపోవడం, ఆయన ఆలోచన, ఆయన నిర్ణయం. ఇంటికొచ్చి పడుకున్నాక తట్టింది: మరి ఆ కుర్రాడి సంగతేంటి? వాడు వేణువు ఊదుతాడు, నెమ్మదస్తుడు, ఎవర్నీ ఎదిరించడు. వాడి ఇల్లెలాంటిది, వాళ్ళమ్మ రాత్రి నిద్రపోయిందా లేదా, ఊరోళ్ళు వాళ్ళ పల్లె మీద పడతారేమోనని భయపడిందా? అది కథలో నాకు దొరకలేదు. మావాడు అంత మెత్తగా, అంత కళగా ఉంటేనే ఒప్పుకుంటారన్నమాట. అదీ వాళ్ళు ఇస్తేనే, పంపిస్తేనే. అవార్డు వచ్చింది ప్రేమకి కాదు, ఇచ్చినవాడి ఉదారతకి.

ఆ సినిమా వచ్చిన పదేళ్ళకి, 1991 జులైలో, మా జిల్లాలోనే తెనాలి పక్క చుండూరులో సినిమాహాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న అగ్రకులపు వాడికి తగిలింది. తగిలింది కాలే. గొడవ ముదిరింది, బహిష్కరణ వచ్చింది. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని వేటాడి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

చుండూరుకి సినిమా కారణం అని నేనటం లేదు. తెర మీద మావాడు పెద్దింటి పిల్ల చెయ్యి పట్టుకుంటే ఢిల్లీలో పతకం ఇచ్చారు. తెర ముందు మావాడి కాలు తగిలితే ప్రాణాలు తీశారు. విమర్శ రాసేవాళ్ళు తెర వైపే చూసి రాశారు. మేము కుర్చీల వైపు నుంచి చూడాల్సినవాళ్ళం.

ఇవన్నీ పాతకాలం మాటలు టీచరుగారూ, ఇప్పుడు మారింది అంటారు మా స్టాఫ్‌రూమ్‌లో. సరే, ఇప్పటిదే చూద్దాం. 2023లో 'పుష్ప'కి అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. ఒక తెలుగు నటుడికి అది రావడం అదే మొదలు. ఎర్రచందనం కూలీ వేషం. ముఖానికి, ఒంటికి నలుపు పూసుకుని, భుజం ఎత్తి నడిచాడు. మా బళ్ళో పిల్లలంతా గడ్డం కింద చెయ్యి రాసుకుంటూ తిరిగారు. ఎనిమిదో తరగతిలో ఒక నల్లటి పిల్లాడుండేవాడు. వాణ్ణి ఆ హీరో పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. ముందు వాడు సంబరపడ్డాడు. రెండువారాలకి నా దగ్గరికొచ్చి, "మేడం, ఆయన కడుక్కుంటే పోద్ది కదా?" అన్నాడు. నేను బీఈడీలో చదివిన ఏ పాఠంలోనూ దానికి జవాబు లేదు.

ఇంకో సంగతి. పుష్ప బాధ ఏంటి? తండ్రి ఇంటిపేరు తనకి దక్కనివ్వకపోవడం. మాకు ఆ బాధ లేదు. మాకు ఇంటిపేర్లున్నాయి. ఉండటమే బాధ. కొత్త బడికి బదిలీ అయినప్పుడల్లా ఇంటిపేరు అడిగి, విని, కాస్త ఆగి, "ఓహో" అనేవాళ్ళున్నారు. ఆ "ఓహో" నటించడానికి ఏ నటుడికీ అవార్డు రాలేదు.

చూడండి, మాకు ఏం తక్కువైందో ఈ సినిమాలే తేల్చేశాయి. ఒకటేమో కృషి అంది, ఒకటేమో పెద్దవాళ్ళ దీవెన అంది, ఇంకొకటి ఇంటిపేరు అంది. మేము అడిగింది మాత్రం భూమి, కూలి, బడి, కోర్టులో న్యాయం. జబ్బు తప్పుగా చెప్పిన వైద్యుడికి సన్మానం చేసినట్టుంది ఈ వ్యవహారం.

"అయితే చెప్పులు కుట్టేవాడి వేషం చెప్పులు కుట్టేవాడే వెయ్యాలా? నటన అంటేనే ఇంకొకడు కావడం కదా" అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. ఎవరు ఎవరి వేషమైనా వెయ్యొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఆ తలుపు రెండు వైపులా తీస్తారా? మలయాళంలో మొట్టమొదటి సినిమా 'విగతకుమారన్'లో పి.కె.రోజీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీ వేషం వేసింది. తెర మీద రాళ్ళు వేశారు. ఆమె ఊరొదిలి పారిపోయి, నటి అన్న సంగతి దాచుకుని బతికింది. వాళ్ళు మాలా నటిస్తే పతకం, మేము వాళ్ళలా నటిస్తే రాళ్ళు. ఈ లెక్క సరిపోయిన రోజున నేను నీ ప్రశ్నకి లేచి నిలబడి జవాబు చెబుతాను మిత్రమా.

అవార్డుల సంగతీ అంతే. 'ఒరేయ్ రిక్షా' పాటకి నంది ఇస్తామంటే గద్దర్ వద్దన్నాడు. ఆయన పోయాక తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరు మీదే సినిమా అవార్డులు పెట్టింది. 2025లో మొదటిసారి ఇచ్చినప్పుడు ఉత్తమ నటుడు మళ్ళీ పుష్పే, రెండో భాగానికి. పేరు మాది, పతకం వాళ్ళది.

అవార్డులన్నీ దండగ అని నేననను. నాగరాజ్ మంజులే మరాఠీలో 'ఫాండ్రీ' తీశాడు, 2013లో. హీరో కోసం ఆయన ఎవరికీ నలుపు పుయ్యలేదు. పల్లెలో మన డప్పులాంటి హల్గీ కొట్టుకునే సోమనాథ్ అవఘడే అనే దళిత పిల్లాణ్ణి తీసుకొచ్చి నిలబెట్టాడు. ఆ పిల్లాడికి జాతీయ ఉత్తమ బాలనటుడి అవార్డు వచ్చింది. అందులో పంది వెంట పరిగెత్తే ఇల్లుంది, సిగ్గుంది, కోపముంది. దీవించే తాత లేడు. చివర్లో ఆ పిల్లాడు విసిరిన రాయి సూటిగా చూసేవాళ్ళ మీదకే వస్తది.

విద్యార్థులకి నేను చెప్పేది ఒక్కటే. అవార్డు వచ్చిందని సినిమాకి దణ్ణం పెట్టకండి, వచ్చిందని తిట్టనూ వద్దు. మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ కథలో నిర్ణయం ఎవరు తీసుకున్నారు? మనకేం లేదని చెప్పారు? వేషం విప్పేశాక ఎవరు ఏ ఇంటికి పోయారు?

ఆ ఎనిమిదో తరగతి పిల్లాడికి 'ఫాండ్రీ' కొంత చూపించాను. భాష రాదు గనక పక్కన కూర్చుని చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు వచ్చి, "మేడం, మిగతాది ఎప్పుడు?" అన్నాడు. నాయనకి కూడా ఫోన్లో చూపించాను. ఇప్పుడాయన చెప్పులు కుట్టడం లేదు, చూపు తగ్గింది. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ పిల్లోడి చేతులు పని చేసిన చేతులమ్మా" అన్నాడు.

ఈసారి "అదే చాలు" అనలేదు.