అంగిరసం కుదరని హాస్యభయానకం: 'జాంబీ రెడ్డి' చిత్ర పరిశీలన

కీలకపదాలు: హాస్యభయానకం, రసవిరోధం, ఫ్యాక్షన్ చిత్రం, పల్నాటి వీరకథ, అంగాంగిభావం.

2013లో 'ప్రేమకథా చిత్రమ్' విజయం సాధించిన తరువాత తెలుగులో దయ్యాన్నీ నవ్వునూ కలిపిన చిత్రాలు వరుసగా వచ్చాయి. 'గీతాంజలి' (2014), 'రాజుగారి గది' (2015), 'ఆనందో బ్రహ్మ' (2017) వీటిలో ముఖ్యమైనవి. ఒక పాత ఇల్లు, అందులో చిక్కుకున్న నలుగురైదుగురు, ఒక ఆత్మ, ఆ ఆత్మకు జరిగిన అన్యాయం అనే చట్రం దాదాపు స్థిరపడిపోయింది. 2021 ఫిబ్రవరి 5న విడుదలైన 'జాంబీ రెడ్డి' ఈ చట్రాన్ని దాటాలని ప్రయత్నించింది. 'అ!' (2018), 'కల్కి' (2019) చిత్రాల తరువాత ప్రశాంత్ వర్మ దర్శకత్వం వహించిన మూడవ చిత్రమిది. బాలనటుడిగా ప్రేక్షకులకు పరిచితుడైన తేజ సజ్జా ఇందులో కథానాయకుడు. వసూళ్ల దృష్ట్యా చిత్రం నెగ్గింది. అయితే వసూళ్లు కథానిర్మాణంలోని లోపాన్ని పూడ్చవు. కొత్త దారి తొక్కే అవకాశం ఉండి కూడా దాన్ని జారవిడుచుకున్న చిత్రం గనుకనే ఇది పరిశీలించదగినది.

కథాబీజం ఆసక్తికరమైనదే. వీడియో గేమ్ తయారుచేసే యువకుల బృందం ఒకటి. గేమ్‌లో లోపం తలెత్తుతుంది. సరిచేయగలిగిన మిత్రుడు పెళ్లి కోసం కర్నూలు ప్రాంతానికి వెళ్లి ఉంటాడు. కరోనా కాలంలో మిగిలినవారు అతని కోసం బయలుదేరతారు. అక్కడ వారికి ఒకవైపు ఫ్యాక్షన్ పగలు, మరొకవైపు జాంబీలు ఎదురవుతాయి. అంటే స్నేహబృందం కథ, మహమ్మారి కథ, ఫ్యాక్షన్ కథ, జాంబీ కథ ఒకే పందిరి కింద చేరాయి. చివరికి పరిష్కారం కోసం కథ గుడి మెట్లెక్కుతుంది కనుక భక్తి చిత్రం ఛాయ కూడా తోడైంది.

ఇన్ని జానర్లు కలవడమే దోషమని తీర్పు చెప్పడం తొందరపాటు. హాస్యానికి భయానకం విరోధి అని ఆలంకారికులు చెప్పారు. సాహిత్యదర్పణకారుడు హాస్యానికి భయానక కరుణలను విరోధులుగా పేర్కొన్నాడు. విరోధాన్ని పరిహరించే మార్గాలను అంతకుముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో చర్చించాడు. ఒక రసాన్ని మరొకదానికి అంగం చేయడం ఒక మార్గం. రెండింటి నడుమ వేరొక రసాన్ని నిలపడం మరొక మార్గం. నాగానందంలో శాంత శృంగారాల మధ్య అద్భుతాన్ని నిలిపిన తీరు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఈ కొలమానంతో చూస్తే 'ఆనందో బ్రహ్మ' ఎందుకు కుదిరిందో తెలుస్తుంది. అక్కడ భయపడేవి దయ్యాలు. భయానకం మొదటి నుంచీ హాస్యానికి అంగమే. 'షాన్ ఆఫ్ ద డెడ్' (2004) లోనూ నవ్వుకూ భయానికీ మూలం ఒకటే. యాంత్రికంగా బతుకుతున్న మనిషికీ జాంబీకీ తేడా తెలియకపోవడమే అక్కడి హాస్యం.

'జాంబీ రెడ్డి'లో అంగి ఏదో తేలదు. జాంబీలు మీదపడుతుండగా పేలే హాస్యపు మాట భయాన్ని తుడిచివేస్తుంది. ఆ నవ్వు పూర్తికాకముందే కత్తులు పైకి లేస్తాయి. ఏ భావమూ స్థాయి అందుకోదు. విడివిడిగా కొన్ని సన్నివేశాలు బాగానే నవ్విస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఒక దృశ్యంలో కలిగిన భయం తరువాతి దృశ్యానికి పెట్టుబడి కాదు.

ఈ వెలితి పల్నాడు నుంచి చూసినప్పుడు మరింత స్పష్టమవుతుంది. చిత్రం రాయలసీమదే అయినా, దాని ముడిసరుకైన కక్షలకూ, చనిపోయినవారు తిరిగి రావడమనే భావనకూ పల్నాడులో శతాబ్దాల నాటి దేశీయ రూపం ఉంది. రొంపిచెర్ల, నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల ప్రేక్షకునికి ఊరి కక్ష సినిమా అలంకారం కాదు; మృతవీరుల ఆరాధన వింత కాదు. కారెంపూడిలో కార్తిక మాసంలో జరిగే వీరారాధనోత్సవాల ఐదు రోజుల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు వరుసగా సాగుతాయి. వీరవిద్యావంతులు కథను గానం చేస్తారు. అలిశెట్టి గాలేయ గానం చేసిన పాఠం ఆధారంగా జీన్ రోఘేర్ వెలువరించిన గ్రంథం (1982) పరిశోధకులకు తెలిసినదే.

ఈ వీరకథ కూడా మిశ్రమమే. కోడిపందెపు వినోదం, మంత్రాంగం, శృంగారం, విషప్రయోగం, యుద్ధం అన్నీ అందులో ఉన్నాయి. బాలచంద్రుని ఘట్టం ఇక్కడ ప్రత్యేకంగా గమనార్హం. అతడూ నేటి సినిమా కుర్రవాళ్ల వయసువాడే, అతని కథా ఆటతోనే మలుపు తిరుగుతుంది. బొంగరం ఆటలో ఒక స్త్రీకి దెబ్బ తగులుతుంది. ఆమె ఎత్తిపొడుపు అతనికి యుద్ధవార్తను తెలియజేస్తుంది. అక్కడి నుంచి ఆట ఆట కాదు. యుద్ధానికి రాకుండా వెనక్కి పంపబడిన అనపోతు ప్రాణత్యాగం చేస్తాడు. నవ్వు నుంచి మృత్యువుకు సాగే ఈ ప్రయాణంలో ప్రతి మరణానికీ ఒక పేరు, ఒక కారణం, ఏడ్చేవారు ఉన్నారు. కోడిపోరు నాటి ఉల్లాసం కళ్లిపాడు నాటికి బాకీగా మారుతుంది.

'జాంబీ రెడ్డి' కథానాయకులు గేమ్ తయారుచేసేవారు. తెరమీద ప్రాణాలు తీసి మళ్లీ మొదలుపెట్టే అలవాటు ఉన్నవారికి, తిరిగి మొదలుకాని మరణం ఎదురైతే ఏమవుతుందన్నది చిత్రం తనకు తానే ఇచ్చుకున్న ప్రశ్న. ఈ సూత్రం గట్టిగా పట్టుకుంటే హాస్యం దానికి అంగంగా ఒదిగేది. కానీ గేమ్ పాత్రలను ఊరికి చేర్చే సాకుగా మాత్రమే మిగిలింది.

ఫ్యాక్షన్ విషయంలో నష్టం మరింత పెద్దది. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) మొదలైన చిత్రాల తరువాత ఈ జానర్ తనను తాను అనుకరించుకునే స్థితికి వచ్చింది. దానిని ఎగతాళి చేయడం అవసరమే, న్యాయమే. పైగా జాంబీ దానికి సరైన ప్రతీక. కారణం మరచిపోయి, కరిచినవానిని చూసి తానూ కరిచే జీవి కంటే వంశపారంపర్యపు పగకు మంచి బొమ్మ ఏముంటుంది? దర్శకుని చేతిలో ఆ బొమ్మ ఉంది. పెళ్లింట్లో కత్తులు పట్టిన మనుషులను, దంతాలు చాచిన మనుషులను ఎదురెదురుగా నిలబెట్టాడు కూడా. రెండు ముఠాల వారు కరవబడి ఒకే గుంపుగా కలిసిపోయినప్పుడు ఆ పాత పగ ఇప్పుడు ఎవరిదన్న ప్రశ్న అక్కడ సహజంగా పుట్టవలసింది. చిత్రం అక్కడ ఒక హాస్యపు మాట విసిరి ముందుకు వెళ్లిపోతుంది.