పక్కకు జరిగిన సంకేతం, ఆరిపోయిన సంకేతం

ఫంక్షనల్ ఎంఆర్ఐలో కనుగుంతల పైనున్న మెదడు భాగం తరచూ దెబ్బతిని కనిపిస్తుంది. సైనస్‌లలోని గాలి, దాన్ని ఆనుకున్న కణజాలం అయస్కాంతానికి ఒకేలా స్పందించవు. ఆ హద్దు దగ్గర అయస్కాంత క్షేత్రం చెదిరి, వేగంగా తీసే ఎకో ప్లానార్ చిత్రంలో కొంత సంకేతం పక్కకు జరుగుతుంది, కొంత పూర్తిగా ఆరిపోతుంది. మూలం ఒకటే అయినా ఇవి వేర్వేరు జబ్బులు. 2003లో ‘న్యూరోఇమేజ్’ పత్రికలోనే వచ్చిన రెండు పరిశోధన పత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే ఆ తేడా తెలుస్తుంది.

మొదటి పత్రంలో ఆండర్సన్, స్కారే, ఆష్‌బర్నర్ ఒకే తలను ఫేజ్ ఎన్‌కోడింగ్ దిశ తిప్పి రెండుసార్లు చిత్రించమన్నారు. ఒకదానిలో సాగిన చోటు రెండోదానిలో నొక్కుకుపోతుంది. ఆ జంట నుంచి క్షేత్రంలోని తేడాను, దాన్నిబట్టి అసలు ఆకారాన్ని రాబడతారు. బొమ్మను పాడుచేసిన దోషాన్నే కొలతగా మార్చుకోవడం నాకు ఎంతో అందమైన ఆలోచనగా తోస్తుంది. 1995 నాటి జెజార్డ్, బలబాన్‌ల ఫీల్డ్ మ్యాప్ పద్ధతి కన్నా ఇందులో ఒక మేలుంది: నొక్కుకుపోయి ఒకదాని మీదొకటి పడ్డ సంకేతాలను విడదీయడానికి, సాగిన రెండో బొమ్మ సాక్ష్యమిస్తుంది. డిఫ్యూజన్ చిత్రాల కోసం పుట్టిన ఈ పద్ధతే ‘టాప్‌అప్’ అనే సాఫ్ట్‌వేర్‌గా హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు ఫంక్షనల్ చిత్రాలకూ పనికొచ్చింది.

రెండోదైన డైఖ్‌మన్ బృందం పత్రంలో ఈ సొగసు లేదు. స్లైసులను వంచడం, ముందుగా ఒక గ్రేడియంట్ పల్స్ చేర్చడం, అంతే. అయితే వాళ్ల గురి వేరు. వోక్సెల్‌లోని (చిత్రంలోని ఒక్కో చిన్న ఘనంలోని) స్పిన్‌లు దశ తప్పి ఒకదాన్నొకటి రద్దుచేసుకున్నాక ఏ లెక్కా వాటిని తిరిగి తేలేదు. కనుక స్కానర్ నడుస్తున్నప్పుడే ఆ నష్టాన్ని ఆపాలి. దీనికి మూల్యమూ ఉంది. ఆ పల్స్ మరీ బలంగా ఉంటే, క్షేత్రం బాగున్న చోట్ల సంకేతం తగ్గుతుంది. వంపు తోడైతే తక్కువ బలంతోనే పని జరుగుతుందన్నదే ఆ పత్రంలోని అసలు తెలివి.

మెదడు మొత్తాన్ని పటంలా గీయాలనుకునేవారికి నేను మొదటిదే సూచిస్తాను. వాసన, రుచి, ప్రతిఫలం వంటి ప్రశ్నలతో కనుగుంతల పైనున్న ఆ భాగంలోకి, అంటే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌లోకి, వెళ్లేవారు మాత్రం రెండోది లేకుండా బయల్దేరకూడదు. ఆకారం చక్కగా సరిదిద్దిన బొమ్మలో సంకేతమే లేని చోటును ‘ఇక్కడ స్పందన లేదు’ అని చదివితే, గణాంకాలెంత కట్టుదిట్టమైనా ఆ ఫలితం తప్పు. అలాంటి అధ్యయనాలు ప్రతి వ్యక్తి ముడి ఎకో ప్లానార్ చిత్రాన్నీ, సంకేతం ఎంత మేర మిగిలిందో చూపే పటాన్నీ తుది ఫలితం పక్కనే ముద్రించాలి.