కాలేయ వ్యాధి — రక్తపు తక్కెడ

“కాలేయము చెడినచో రక్తము గడ్డకట్టదు” అను వాక్యము మన తరగతులలో చిరకాలముగా వినబడుచున్నది. 2011లో ఇటలీ శాస్త్రజ్ఞులు ట్రిపోడి, మన్నూచి ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికయందు ప్రకటించిన సమీక్షావ్యాసము ఈ నమ్మకమును పరీక్షకు నిలిపినది. దాని గుణదోషములను ఉపాధ్యాయు లెరుగుట మంచిది.

పాత నమ్మకమునకు కారణము లేకపోలేదు. ఫైబ్రినోజన్, ప్రోథ్రాంబిన్ వంటి పదార్థములను తయారుచేయునది కాలేయమే. 1935లో క్విక్ కనిపెట్టిన ప్రోథ్రాంబిన్ కాలపరీక్షలో సిరోసిస్ రోగుల రక్తము ఆలస్యముగా గడ్డకట్టును. కాని గడ్డకట్టుటను అదుపుచేయు ప్రోటీన్ ‘సి’, యాంటీథ్రాంబిన్ అనువానిని తయారుచేయునదియు కాలేయమే. ప్రోటీన్ ‘సి’ని మేల్కొలుపు థ్రాంబోమాడ్యులిన్ రక్తనాళపు గోడయం దున్నది, పరీక్షానాళికలో లేదు. కావున ఆ పరీక్ష తక్కెడలో ఒక సిబ్బెను మాత్రమే తూచుచున్నది. రెండు సిబ్బెలలోను బరువు తగ్గినచో ముల్లు కదలదు గదా! ఈ విషయమును విశదపరచుట వ్యాసముయొక్క గొప్ప గుణము.

ఈ వాదమునకు 2012లో ఇటలీలోనే బలము చేకూరినది. సిరోసిస్ రోగులలో గడ్డకట్టుటను తగ్గించు ఎనాక్సపారిన్ మందు పొందిన 34 మందిలో 48 వారములలో ఒక్కరికిని కాలేయ నిర్వాహక సిరలో గడ్డ ఏర్పడలేదు. పొందని 36 మందిలో ఆరుగురికి ఏర్పడినది. రక్తము నిజముగా పలుచనైనదే యైనచో ఈ గడ్డలెక్కడివి?

ఇక లోపములు. వ్యాసమునకు ప్రధానవిషయము ముదిరిన వ్యాధి. నేడు మిక్కిలి వ్యాపించియున్నది కొవ్వు పట్టిన కాలేయము. అందు తక్కెడ గడ్డకట్టు వైపునకే మొగ్గుననుటకు సాక్ష్యములు కలవు: ఎనిమిదవ కారకము హెచ్చును; గడ్డలు కరుగుటకు అడ్డుపడు పి.ఎ.ఐ.-1 స్థూలకాయమున పెరుగును. ఈ రోగుల మరణకారణములలో హృద్రోగము ముఖ్యమైనది. ఈ దశకు వ్యాసము తగిన చోటీయలేదు. మరియు ‘సమతౌల్యము’ అనుమాట నిశ్చింతను కలిగింపరాదు. సిరోసిస్‌లో ఆ తక్కెడ మిక్కిలి సున్నితము. అంటురోగము గాని, మూత్రపిండముల వైఫల్యము గాని దానిని ఇటో అటో త్రోయవచ్చును. అన్నవాహిక సిరలు పగిలి రక్తము పోవుట నిజమే. కాని దానికి మూలము ముఖ్యముగా సిరలలో పెరిగిన పీడనము.

కావున తరగతిలో ఆ పాతవాక్యమును ఇట్లు దిద్దుకొందము: “కాలేయము చెడినపుడు రక్తపు తక్కెడ నిలకడ తప్పును, ఎటు మొగ్గునో ఒక్క పరీక్ష చెప్పజాలదు.”