హ్యాండిల్ సరిచేసే చేయి

బండి పక్కకు పడి లేచాక చక్రం రోడ్డు వైపు, హ్యాండిల్ కాలవ వైపు చూస్తుంటే, చాలామంది హ్యాండిల్ వంగిందనే అనుకుంటారు. పని తెలిసిన మెకానిక్ తొందరపడి కొత్తది తెమ్మనడు. ముందు చక్రానికి ఎదురుగా కూర్చుని, రెండు ఫోర్కు రాడ్లూ సమంగా ఉన్నాయా అని ఒక కన్ను మూసి చూస్తాడు. చాలాసార్లు వంగింది ఏదీ ఉండదు. క్లాంపుల్లో రాడ్లు మెలి తిరిగి ఉంటాయి, అంతే. బోల్టులు కాస్త వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి పట్టి, హ్యాండిల్‌ని ఒక్క తిప్పు తిప్పుతాడు. ఎంత బలం పెట్టాలో ఆ చేతులకే తెలుసు. ఆ పనితనమంటే నాకు ఎంతో గౌరవం.

బిగింపు ఇంకా ఓపిక పని. వదులు చేసిన క్లాంపు బోల్టులన్నింటినీ మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగిస్తాడు. ఒకదాన్నే చివరిదాకా బిగిస్తే పట్టు ఓ పక్కకే పోతుంది. మరీ బిగిస్తే అల్యూమినియంలో మరలు చెడిపోతాయి.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి హ్యాండిల్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతాడు. మోత పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో లాగుతున్నట్టే. అది సరిచేసేదాకా తాళంచెవి ఇవ్వడు.