ఒకటో తరగతి పనితనం

బడి పేరును మనం పదో తరగతి ఫలితాలను బట్టి చెప్పుకుంటాం. ఫ్లెక్సీల మీదికి ఎక్కేవి ఆ మార్కులే. వాటికి పదేళ్ల ముందు ఒకటో తరగతి టీచర్ చేసిన పని ఎవరి కంటా పడదు. ఆ పని ఎంత నేర్పుతో కూడిందో తెలియాలంటే పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల పారిశ్రామిక పట్టణాల్లోని కాథలిక్ కాన్వెంటు బడులను దగ్గరగా చూడాలి.

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనులు, 1942లో ఉత్పత్తి మొదలుపెట్టిన సిర్పూర్ కాగితపు మిల్లు, రామగుండం విద్యుత్ కేంద్రం ఎక్కడెక్కడి కుటుంబాలనో ఇక్కడికి రప్పించాయి. కాగజ్‌నగర్ చుట్టుపక్కల తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లున్నారు. పిల్లల ఇళ్లలో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, లంబాడీ, గోండి, బెంగాలీ. పాఠం చెప్పే సిస్టర్లలో ఎందరికో మాతృభాష మలయాళం. పుస్తకాలు ఇంగ్లీషులో. ఇన్ని మాటల మధ్య ఆరేళ్ల పిల్లకు చదవడం, రాయడం, లెక్కపెట్టడం వచ్చేలా చేయాలి.

ఈ బడుల వెనుక పాత చరిత్రే ఉంది. గోదావరికి దక్షిణాన కరీంనగర్ ప్రాంతం 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం (డయోసీస్) కిందిది. ఉత్తరాన మంచిర్యాల కేంద్రంగా ఉన్న ఆదిలాబాద్ సిరో-మలబార్ మేత్రాసనం 1999లో మహారాష్ట్రలోని చాందా మేత్రాసనం నుంచి విడివడింది. చాందా ప్రాంతంలో 1962 నుంచి సేవ చేస్తున్నది కేరళకు చెందిన సీఎంఐ అనే కార్మెలైట్ గురువుల సభ. దాని స్థాపకుల్లో ఒకరైన చావర కురియాకోస్ ఏలియాస్ 1846లో మన్నానంలో సంస్కృత పాఠశాల తెరిచి, కులభేదం లేకుండా పిల్లలను చేర్చుకున్నారు. 1864లో ప్రతి చర్చి పక్కనా ఒక బడి ఉండాలని ఆదేశించారు. పేద పిల్లల మధ్యాహ్న భోజనానికి ప్రతి ఇల్లూ పిడికెడు బియ్యం పక్కన పెట్టే పద్ధతి తెచ్చారు. 1866లో కూనమ్మావులో ఆయన చొరవతో మొదలైన మఠకన్యల సభ ఆడపిల్లల చదువును చేతికెత్తుకుంది. మంచిర్యాల కార్మెల్ కాన్వెంట్, కాగజ్‌నగర్ ఫాతిమా కాన్వెంట్ లాంటి పేర్లు ఈ ప్రాంతంలో ఇంటింటికీ తెలుసు.

ఈ బడుల్లో చదివే పిల్లల్లో ఎక్కువమంది హిందువులు, ముస్లింలు. కాథలిక్ పిల్లలకు సత్యోపదేశం, మిగతావారికి మోరల్ సైన్స్ చెప్పడం కాన్వెంట్లలో పాత అలవాటు. ప్రభుత్వ గుర్తింపు పొందిన బడిలో ఎవరినీ సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. ఆ పాఠాలు వేరైనా పొద్దున అసెంబ్లీలో అందరూ కలిసి చేసే ప్రతిజ్ఞ ఒక్కటే, దాని మూలం తెలుగే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని 1962లో రాశారు.

ఇక పనితనం సంగతి. మొదటిది చెవి. బెంగాలీ ఇంటి పిల్లవాడు విమానాన్ని ‘బిమాన్’ అంటాడు. అతని భాషలో వ, బ కలిసిపోయాయి. హిందీ, ఉర్దూ ఇళ్ల పిల్లలకు మెడకూ మేడకూ, కొనకూ కోనకూ తేడా వెంటనే వినపడదు. వాళ్ల భాషల్లో ఎ, ఒలకు హ్రస్వ దీర్ఘ భేదం లేదు. ఇవి తెలివికి సంబంధించిన లోపాలు కావు. నేర్పున్న టీచర్ తప్పు దిద్దే ముందు అది ఏ ఇంటి నుంచి వచ్చిందో పోల్చుకుంటుంది. ఆ పైన చేసే పని ఇంకా గొప్పది. ‘ళ’ పలకడం మరాఠీ పిల్లకు సహజం, అందుకని ఆమె చేత ముందు పలికిస్తుంది. తెలుగు పిల్లలు ‘బ’గా తేల్చేసే ‘భ’ను హిందీ పిల్లవాడు చెబుతాడు. ఇంగ్లీషు ‘జూ’, ‘ఫ్యాన్’ పదాల్లోని శబ్దాలకు ఉర్దూ పిల్ల నోరు ముందే అలవాటుపడి ఉంటుంది. ఒక్కో శబ్దానికి ఒక్కో పిల్ల గురువవుతుంది. ఆ గదిలో ఎవరి ఇంటి మాటా చిన్నబోదు.

రెండోది చెయ్యి. తెలుగు అక్షరం గుండ్రం, హిందీ అక్షరం పైగీతకు వేలాడుతుంది, ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పొద్దున మసీదులో అరబ్బీ చదివి వచ్చే పిల్లవాడు పలక మీద ఎటు నుంచి మొదలుపెట్టాలో తడబడటం సహజం. టీచర్ ఎడమ పక్కన ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్కే అతనికి దారి. గరుకు కాగితం మీది అక్షరాన్ని చూపుడువేలితో, నడిమివేలితో తడిమించే పద్ధతి మరియా మాంటిస్సోరిది. 1907లో రోమ్‌లో తొలి శిశుగృహం తెరిచిన ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు స్వయంగా శిక్షణనిచ్చారు. బియ్యంలో వేలు పట్టి దిద్దించే మన అక్షరాభ్యాసానికి ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. కన్నుకంటే ముందు వేలికి అక్షరం తెలియాలన్నదే రెండింటిలోనూ ఉన్న ఆలోచన.

మూడోది లెక్క. నాకు అన్నిటికంటే ముచ్చట గొలిపేది ఇదే. ఇంగ్లీషులో ‘థర్టీన్’ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది, పది తర్వాత. అందుకే పిల్లలు పదమూడును 31గా రాసేస్తారు. ఉర్దూ, హిందీల్లో ‘తేఈస్’ అంటే మూడు ముందు, ఇరవై తర్వాత. తెలుగులో పదమూడు, ఇరవై మూడు అంటే అంకెలు రాసే వరసలోనే మాట నడుస్తుంది. గోండి పిల్లల రండ్, మూండ్, నాలుంగ్ మన రెండు, మూడు, నాలుగుకు తోబుట్టువులు. ఇది తెలిసిన టీచర్ చీపురుపుల్లలు పదేసి కట్టి రబ్బరుబ్యాండు వేస్తుంది. ఒక కట్ట, మూడు పుల్లలు చేతికిచ్చి ముందు తెలుగులో పదమూడు అనిపిస్తుంది, తర్వాత ఇంగ్లీషులో. స్థానవిలువ అనే పెద్ద సంగతి పిల్లవాడి చేతిలోకి వచ్చేస్తుంది. ఇంగ్లీషు మీడియం లెక్కకు తెలుగు మాటే ఊతమవుతుంది.

బడిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసిన రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి. ఆ కాలపు అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు, పోవాలి. 2018లో తెలంగాణ చేసిన చట్టంతో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైంది. చట్టం పీరియడ్ తెస్తుంది. ఆ పీరియడ్‌కు ప్రాణం పోసేది టీచరే.

ఈ నేలకు ఈ నేర్పు కొత్తదీ కాదు. కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. వాచకాలు గోండిలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. పిల్లలకు ముందు తమ మాట, ఆ తర్వాతే బయటి భాషలు. కొన్నేళ్లకే ఆ పద్ధతి వెనకబడిపోయినా అందులోని సత్యం చెక్కుచెదరలేదు. ఇంటి మాట మీద నిలబడిన పిల్ల ఎన్ని భాషలకైనా చెయ్యి చాస్తుంది.

ఇంత పని చేసే ఒకటో తరగతి టీచర్‌కు ప్రైవేటు బడుల్లో పెద్ద తరగతుల టీచర్ కంటే జీతమూ తక్కువే, పేరూ తక్కువే. ఇది సరిచేయాల్సిన లెక్క. పిల్లను బడిలో చేర్చేటప్పుడు ఫ్లెక్సీ మీది ర్యాంకులు చూసి ఊరుకోకండి. ఒకటో తరగతి టీచర్‌తో మాట్లాడతామని అడగండి. ఇంట్లో మీ పిల్ల ఏ భాష మాట్లాడుతుందని ఆమె మిమ్మల్ని అడిగిందా? అడిగితే, నిశ్చింతగా చేర్చండి.