హిప్ హాప్ పాఠం: పాట ఎవరిది, కలం ఎవరిది?

వస్తువు నుంచి రూపాన్ని విడదీసి, ఖాళీ పాత్రలా ఎవరైనా వాడుకోవచ్చుననే ఆలోచన కొత్తది కాదు. 1940లలో ప్రజానాట్యమండలి చేతిలో, నాజర్ గొంతులో ప్రజాపోరాటాలకు నోరైన బుర్రకథే ఆ తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారానికీ పనికివచ్చింది. తంబురా అదే, డక్కీ అదే, పలికించేవారు మారారు. అమెరికా పాఠశాలల్లో హిప్ హాప్ పాటతో సైన్సూ, లెక్కలూ, చరిత్రా చెబుతున్న తీరును పరిశీలించేటప్పుడు ఈ అనుభవం మనకు గుర్తుండాలి.

ఆ పాట ఎక్కడ పుట్టింది? 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో జరిగిన వేడుకను దాని పుట్టుకగా చెప్పుకుంటారు. రికార్డులు తిప్పినవాడు జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబపు కుర్రవాడు కూల్ హెర్క్. వేడుక ఏర్పాటు చేసినది అతని చెల్లెలు సిండీ. బడులు తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కావాలి గనుక. నివాసాలను చీల్చుకుంటూ వేసిన రహదారి, తగలబడుతున్న అద్దె ఇళ్ళు, 1975 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయిన వేలాది ఉపాధ్యాయులు - ఇదీ ఆ పాట పెరిగిన నేల. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 'ద మెసేజ్'తో ఆ బతుకునే పాటకు వస్తువు చేసింది. అంటే బడి ఎవరిని పట్టించుకోలేదో వారు కట్టుకున్న ప్రక్రియ ఇది. అదే ఇప్పుడు బడిలోకి వచ్చింది. ఏ షరతు మీద వచ్చింది?

దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది 2004లో మొదలైన ఫ్లోకాబ్యులరీ సంస్థది. పాఠ్యాంశాన్ని ర్యాప్‌గా కట్టి, దృశ్యాలు జోడించి, తరగతి గదికి అమ్మడం దాని పని. 2020లో నియర్‌పాడ్ దానిని కొన్నది. మరుసటి ఏడాది నియర్‌పాడ్‌నే రినైసాన్స్ కొన్నది. ఇక్కడ పాట సరుకు, పిల్లవాడు వినియోగదారుడు.

అయితే ఈ సరుకులో కూడా రూపం తన పుట్టుకను పూర్తిగా మరచిపోలేదు. అమెరికా జాతి నిర్మాతలను పొగడకుండా ప్రశ్నించిన ఒక పాట మీద అభ్యంతరాలు రాగా, 2010లో ఓక్లహోమా సిటీ పాఠశాలల యాజమాన్యం ఆ పాఠాల వాడకాన్ని ఆపింది. నామవాచకం గురించి పాడినంతకాలం హిప్ హాప్ ముద్దు. చరిత్రను తిరగేస్తే కాదు. ర్యాప్ లయ ఎవరినీ భయపెట్టలేదు. భయపెట్టినది వస్తువు.

రెండవ జవాబు కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో పనిచేసిన క్రిస్టఫర్ ఎమ్డిన్‌ది. వూ-టాంగ్ క్లాన్ గాయకుడు జిజాతో కలిసి, 2012లో న్యూయార్కులోని 10 ప్రభుత్వ పాఠశాలలకు ఆయన ప్రకటించిన 'సైన్స్ జీనియస్' పథకంలో పాటను పిల్లలే రాస్తారు. ఎదురెదురుగా నిలిచి పోటీపడతారు. ర్యాప్ పాడేవారు వలయంగా నిలబడి, వంతుల వారీగా గొంతు కలిపే 'సైఫర్' తరహాలో, పాఠం ఎలా సాగాలో విద్యార్థులతో కలిసి చర్చించే పద్ధతినీ ఆయన అనుసరించారు. అక్కడ ఉపాధ్యాయుడు వలయం మధ్యలో ఉండడు. వలయంలో ఒకడిగా ఉంటాడు.

లయ ఉంటే జ్ఞాపకం ఉంటుంది, అవగాహన ఎక్కడిది అని ఒక విమర్శ. ఇది తీసిపారేయవలసినది కాదు. ఎక్కాలు రాగం తీసి అప్పజెప్పిన పిల్లలందరికీ గుణకారం అర్థం కాలేదు. యతిప్రాసలు తప్పకుండా శతక పద్యం చదివినవారందరికీ భావం అందలేదు. ఇతరులు కట్టిన పాటను వల్లెవేయించే పద్ధతికి ఈ విమర్శ పూర్తిగా వర్తిస్తుంది. సొంతంగా కట్టేటప్పుడు పరిస్థితి వేరు. గురుత్వాకర్షణను దేనితోనో పోల్చాలంటే అదేమిటో తెలియాలి. దూరం పెరిగితే ఆకర్షణ తగ్గుతుందని తెలియని పిల్లవాడి ఉపమానం అక్కడే బెసుకుతుంది. ఉపమానం తప్పితే శాస్త్రం తప్పినట్టే. విద్యార్థిలో ఏది అర్థమైందో, ఏది కాలేదో ప్రశ్నపత్రం కన్నా స్పష్టంగా ఆ చరణం చెబుతుంది.

రెండవ పద్ధతికీ పరిమితి ఉంది. పిల్లవాడి గొంతును రానిచ్చి, ఆ గొంతులోని కోపాన్ని గేటు బయటే ఆపితే, మిగిలేది అలంకారం. జీవకణం మీద పాట కట్టిన పిల్లవాడు, తన వీధిలో ఉబ్బసం ఎందుకు ఎక్కువని అడిగితే ఆ చరణానికి కూడా మార్కులుండాలి. అది కూడా సైన్సే.

కనుక హిప్ హాప్ బడిలో ఉండవచ్చునా అన్నది అసలు ప్రశ్న కాదు. కలం ఎవరి చేతిలో ఉంది, ఏ ప్రశ్నకు అనుమతి ఉంది - ఈ రెండింటితోనే ఏ ప్రయోగాన్నయినా తూచాలి. ప్రజల రూపాన్ని తీసుకుని ప్రజల ప్రశ్నను వదిలివేసే పాఠం ఎంత వినసొంపుగా ఉన్నా, పాత పాఠమే.